గేటు దాకా వచ్చి

నర్సీపట్నం,
1976 డిసెంబరు 9.

కరుణా,

నీ కార్డు శనివారం అందింది. సీలేరు చలికి నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతున్నాయని రాశావు. రెండు దుప్పట్లు కప్పుకో. నర్సే దగ్గుతూ తిరిగితే ఆసుపత్రికి వచ్చినవాళ్లు ఎవరితో చెప్పుకుంటారు? కరెంటు మీ ఊళ్లోనే పుడుతుందంటారు గాని, ఇక్కడికి వచ్చేసరికి అలిసిపోతున్నట్టుంది. వారంలో నాలుగు సాయంత్రాలు లాంతరు పెట్టుకునే స్కూలు పిల్లల జాకెట్లకు కాజాలు కుడుతున్నాను.

సూరన్న వచ్చి ఇల్లంతా సున్నం వేసి వెళ్లాడు. ముందు గదికి కాస్త నీలిమందు కలపమన్నాను. అప్పాయమ్మ గోడ మీంచి తొంగిచూసి, "ఏటి టీచరమ్మా, కొడుకు పోయి ఏడాది తిరగలేదు, ఇల్లు ముస్తాబు సేసేత్తన్నావు" అంది. ఆవిడ మనసులో చెడు లేదు. వాళ్ల ఇళ్లల్లో ఏడాది దాకా పండగ ఉండదు కదా. మన సంఘంలోనూ ఇద్దరు ముగ్గురు ఆ మాటే అన్నారు. పాస్టరుగారిని అడిగాను. ఆయన, "ప్రభువు నవ్వుతున్న ఇళ్లకే వస్తాడని ఎవరన్నారమ్మా" అన్నారు. దాంతో ధైర్యం వచ్చి వెదురు బద్దలు, రంగు కాగితాలు తెప్పించాను.

క్రిస్మస్ నక్షత్రం కట్టడం దావీదు పని. పదేళ్లప్పటి నుంచీ నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. పద్దెనిమిదేళ్లు వాడు కడుతుంటే చూశాను, అయినా నాకు పట్టుబడలేదు. నేను కట్టినదానికి ఒక కాలు పొట్టి అయింది. అలాగే గుమ్మానికి వేలాడదీశాను. నువ్వొచ్చాక సరిచేద్దువుగాని.

23న పొద్దున్న బస్సెక్కితే మధ్యాహ్నానికి ఇక్కడ ఉంటావు. దానికి కండక్టరు మన వీధి కుర్రాడు దేవుళ్లే. ముందు సీటు ఉంచుతానన్నాడు. ఘాటీ మలుపుల్లో తల తిరిగితే నిమ్మకాయ వాసన చూడు.

హాస్టలు నుంచి నేరుగా మా ఇంటికి కోడలిగా వచ్చినదానివి. నీకు వేరే పుట్టిల్లు లేదు. నాకు వేరే పిల్లలు లేరు. మనిద్దరం చెరోచోట కూర్చుంటే పండగ ఎవరింట్లో చేసుకున్నట్టు?

దారి చూస్తూ,
అత్తయ్య సువర్ణమ్మ.


సీలేరు,
1976 డిసెంబరు 27.

అత్తయ్యగారికి,

మీకు కోపం వచ్చి ఉంటుంది. రాలేకపోయాను. బట్టలు సర్దుకున్నాక డాక్టరుగారు సెలవు లేదన్నారు. కొండ మీది ఊరి నుంచి ఒకామెను డోలీలో మోసుకొచ్చారు. రెండు రోజులు నొప్పులు పడింది. ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బాగున్నారు.

పండగ రోజు ఇక్కడి మనవాళ్లు పదకొండు కుటుంబాలు ఒక క్వార్టరులో ప్రార్థన పెట్టుకున్నారు. గంటసేపు కూర్చుని వచ్చాను. పాటల పుస్తకం ఇచ్చారు గాని నేను తెరవలేదు. ఇంటికొచ్చి ఉప్మా చేసుకున్నాను.

ముందు గది నీలం రంగు ఎలా కుదిరింది? మీరు ఉపవాసం ఉండకుండా భోజనం చేశారని అనుకుంటాను. అప్పాయమ్మగారిని అడిగినట్టు చెప్పండి.

మీ
కరుణ.


నర్సీపట్నం,
1977 జనవరి 11.

కరుణా,

ఉత్తరం అందింది. తల్లీబిడ్డా క్షేమమన్నందుకు దేవునికి స్తోత్రం చెప్పాను.

మీ ఆసుపత్రి కాంపౌండరు మత్స్యలింగం సంక్రాంతికి అత్తవారింటికి వచ్చి, బజారులో కనిపించాడు. నువ్వు ఎలా ఉన్నావని అడిగాను. "బాగున్నారండి. పండగ సెలవు డాక్టరుగారు ఇచ్చినా ఆయమ్మే వొద్దనీసినారు. అందరూ ఎల్లండి, నాను డూటీ సేత్తానన్నారు" అని చెప్పాడు. మనిషి మంచివాడు. నిన్ను మెచ్చుకుంటూనే చెప్పాడు.

కారణం అడగను. 23న, 24న సీలేరు బస్సు వచ్చే వేళకి బస్టాండుకి వెళ్లాను. పండగనాడు ఇద్దరికి వండింది అప్పాయమ్మకి పంపాను. ఇకమీదట నా కోసం పనిగట్టుకుని రావద్దు. అబద్ధం రాయాల్సిన ఇబ్బంది కూడా పెట్టుకోవద్దు. వచ్చే ఏడాది నేను నక్షత్రం కట్టను, ఇంటికి సున్నం వేయించను. ఒక్కదానికి అంత హడావుడి ఎందుకు?

స్కూల్లో రెండో కుట్టు మిషను పాడైంది. నలభై మంది పిల్లలకి ఒక్క మిషను. ఇంకేమీ విశేషాలు లేవు.

సువర్ణమ్మ.


సీలేరు,
1977 డిసెంబరు 18.

అత్తయ్యగారికి నమస్కారాలు.

ఈ ఏడాది సెలవు అడగలేదు. పనిగట్టుకుని రావద్దన్నారు కదా. నక్షత్రం కూడా కట్టనన్నారు. మూసిన ఇంటికి వచ్చి తలుపు కొట్టడం నాకు చేతకాదు. చిన్నప్పటి నుంచీ అంతే, మీకు తెలుసు.

ఇక్కడ ప్రార్థనకి క్లబ్బు హాలు ఇచ్చారు. అలంకరణ పని నా మీద పడింది. కుట్టు క్లాసులో మీరు నేర్పిన కాగితం గొలుసులు చేశాను. ఇరవై బారలు వచ్చాయి. రంగు బల్బుల తోరణం లైన్‌మన్ మత్స్యరాజు కట్టిపెట్టాడు. మాకవరపాలెం వైపు రైతుల కుటుంబం. మనవాళ్లు కాదు. అడగకుండానే నిచ్చెన తెచ్చుకుని వచ్చాడు. బల్బులు వెలిగాక పిల్లలు హాలు చుట్టూ పరుగులు పెట్టారు. నాకూ కాసేపు బాగుంది.

మీకు ఒక ఉన్ని శాలువా పంపిస్తున్నాను. దేవుళ్లు చేతికి ఇచ్చాను. చర్చికి కప్పుకెళ్లండి.

కరుణకుమారి.


నర్సీపట్నం,
1978 జనవరి 3.

కరుణా,

శాలువా వచ్చింది. వెచ్చగా ఉంది.

నక్షత్రం కట్టనని రాశాను గాని, కట్టకుండా ఉండలేకపోయాను. ఈసారి కూడా కుదరలేదు. వీధిలోంచి వెళ్లేవాళ్లు చూసి పోయారు.

నీ హాలు వెలిగిందని సంతోషం. ఇరవై బారల గొలుసులంటే మాటలు కాదు. ఇక్కడ ఒక బార సరిపోయేది.

సువర్ణమ్మ.


నర్సీపట్నం,
1979 ఆగస్టు 20.

కరుణా,

వానలు బాగా పడుతున్నాయి. ఘాటీ రోడ్డు రెండుచోట్ల కోసుకుపోయిందని దేవుళ్లు చెప్పాడు. బస్సులు తిరిగే దాకా ఈ ఉత్తరం ఎక్కడ ఆగుతుందో తెలియదు.

ఒక విషయం రాయాలి. పాస్టరమ్మగారు మొన్న మన ఇంటికి వచ్చారు. కృష్ణదేవిపేటలో ఆవిడ ఎరిగిన టీచరు ఒకాయన ఉన్నాడు. పేరు జాన్ బాబు. భార్య పోయింది. పిల్లలు లేరు. తాగుడు లేదు. వాళ్లు నీ గురించి అడుగుతున్నారట. "మీరు ఊ అంటే కదిలిస్తాను" అన్నారు ఆవిడ. కరుణకి రాస్తానన్నాను.

నీకిప్పుడు ఇరవై తొమ్మిది. నీ ఇష్టం నీది. నాకేమీ అడ్డం లేదు. నువ్వు ఎక్కడికి వెళ్లినా, ఎవరింటికి వెళ్లినా నేను ఏమీ అనుకోను. ఆలోచించుకుని ఒక ముక్క రాయి, ఆవిడకి జవాబు చెప్పాలి.

సువర్ణమ్మ.


సీలేరు,
1979 సెప్టెంబరు 14.

అత్తయ్యగారికి,

ఉత్తరం నిన్న చేరింది. జవాబు ఆలస్యమైనందుకు పాస్టరమ్మగారికి నా క్షమాపణ చెప్పండి. కృష్ణదేవిపేట వారికి వద్దని చెప్పండి.

నేను మీకు బరువుగా ఉన్నానని అనుకోలేదు. నా తిండి నేను తింటున్నాను, గవర్నమెంటు ఇచ్చిన క్వార్టరులో ఉంటున్నాను. దావీదుగారి పేరుతో ఉన్న ఒక్క సంబంధం మీ ఇల్లు. దాన్నీ తెంచి, నన్ను ఇంకొకరికి అప్పగించి మీరు ఊపిరి పీల్చుకోవాలనుకుంటే, ఎవరికీ ఇవ్వకుండానే పీల్చుకోవచ్చు. నేను రాను. ఉత్తరాలు రాసి విసిగించను.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

కరుణకుమారి.


నర్సీపట్నం,
1980 డిసెంబరు 30.

కరుణా,

నీ గ్రీటింగు కార్డు వచ్చింది. గొర్రెపిల్లల బొమ్మ బాగుంది. లోపల అచ్చువేసిన శుభాకాంక్షల కింద నీ సంతకం ఒక్కటే ఉంది. వెనక్కి తిప్పి చూశాను, ఇంకేమైనా రాశావేమోనని. పోస్టుమాను గుమ్మంలోనే నిలబడి, "సదివి పెట్టాలేటి టీచరమ్మా" అన్నాడు.

నేను బాగానే ఉన్నాను.

సువర్ణమ్మ.


సీలేరు,
1982 జనవరి 8.

అత్తయ్యా,

ఈ పూట బస్టాండు దగ్గర దేవుళ్లు నన్ను ఆపాడు. "ఏటి నర్సమ్మా, మీ అత్తగారితో ఏటైనా తగువా?" అన్నాడు. ఏం తగువని అడిగాను. "మరేటి, పండగ ముందురోజు పాకుండల డబ్బా ఒళ్లో ఎట్టుకుని ఇంతదూరం వొచ్చినాది. మీ క్వార్టరు ఎటని అడిగితే నానే దారి సూపించాను. గంట తిరక్కుండా తిరుగు బస్సెక్కీసినాది. ఆ పాకుండలు బస్సులో అందరికీ పంచీసినాది. నానూ రెండు తిన్నాను. కళ్లు తుడుసుకుంటా పంచినాది, నానేటి అడగను" అన్నాడు.

నేను అక్కడే రాయి మీద కూర్చుండిపోయాను.

మీరు నా గేటు దాకా వచ్చారు. లోపలికి రాలేదు. ఆ వేళకి వరండాలో ఏం జరుగుతోందో నాకు గుర్తుంది. మీరు ఏం చూశారో, ఏమనుకున్నారో నాకు తెలుస్తోంది. తిట్టాలంటే తిట్టండి. కుట్టు క్లాసులో స్కేలుతో కొట్టినట్టు కొట్టండి. కాని ఇలా వచ్చి వెళ్లిపోవడం ఏమిటి అత్తయ్యా? నేను ఒక్క గోడ అవతలే ఉన్నాను.

వెంటనే రాయండి. నేను డ్యూటీలో సిరంజీలు రెండుసార్లు ఉడకబెట్టి, మళ్లీ ఉడకబెట్టానా లేదా అని నిలబడుతున్నాను.

కరుణ.


నర్సీపట్నం,
1982 జనవరి 17.

కరుణా,

అవును, వచ్చాను. దేవుళ్లని చెప్పొద్దని బతిమాలాను. పదిహేను రోజులు ఆగాడంటే వాడికది చాలా ఎక్కువ.

డిసెంబరు నెల మొదట్లో ఒకరోజు సరుగుడు కొమ్మ తెచ్చి ముందు గదిలో నిలబెట్టి, దూది అంటిస్తుంటే చెయ్యి ఆగిపోయింది. ఎవరు చూస్తారని ఇదంతా? ఐదేళ్లుగా బస్టాండుకేసి చూస్తున్నాను. చూసే బదులు ఆ బస్సు ఎక్కితే పోయేది కదా. నాకు ఆ ఆలోచన ఐదేళ్లు రాకపోవడానికి కారణం అహంకారమే. ఒప్పుకుంటున్నాను.

లంబసింగి దగ్గర మంచుకి రోడ్డు కనిపించక బస్సు అరగంట ఆపేశారు. అంత తెల్లటి చోట నేను ఎప్పుడూ కూర్చోలేదు. దావీదు జీపు నడిపినన్నాళ్లూ ఈ దారినే తిరిగాడు కదా. నాకు భయం వేయలేదు.

నీ గేటు దగ్గరికి వచ్చేసరికి మూడు దాటింది. వరండాలో ఒక మనిషి స్టూలెక్కి కాగితం గొలుసు కడుతున్నాడు. నువ్వు స్టూలు పట్టుకున్నావు. అతని ఒంటి మీద నీలం స్వెట్టరు. దావీదుకి నేను అల్లినదాన్ని నేను పోల్చుకోలేనా? వెనక నుంచి ఆ భుజాలూ వాడివే. ఒక్క క్షణం వాడే అనుకున్నాను. తర్వాత అతను తిరిగాడు. వేరే మొహం. మంచి మొహమే.

అతనేదో అన్నాడు. నువ్వు నవ్వావు. హాస్టల్లో ఉన్నప్పుడు ఆ నవ్వుకే నా చేత దెబ్బలు తినేదానివి. దావీదు పోయాక నేనది వినలేదు. ఇంక ఉండదేమో అనుకున్నాను. గేటు మీద చెయ్యి వేశాను. తీస్తే చప్పుడవుతుంది. నువ్వు తిరిగి చూస్తావు. నన్ను చూడగానే నీకు గుర్తొచ్చేది వాణ్ని మట్టిలో పెట్టిన రోజే. ఇంత దూరం నేను మోసుకొచ్చింది అదేనా అనిపించింది. చెయ్యి తీసేశాను.

కోపం రాలేదని చెప్పను. చింతపల్లి దాకా వచ్చింది. స్వెట్టరు గురించే ఎక్కువ. చింతపల్లి దాటాక ఏడుపు వచ్చింది. ఆ తర్వాత పాకుండలు పంచాను, అవి ఇంటికి తీసుకెళ్లి ఏం చేసుకోను? మర్నాడు చర్చికి వెళ్లలేదు. క్రిస్మస్ ఆరాధన మానడం నాకు ఊహ తెలిశాక అదే మొదటిసారి.

ఇంకొకటి కూడా రాస్తాను. మీ మావయ్యగారు పోయేనాటికి నాకు ఇరవై ఆరేళ్లు. ఇంకో పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తనివ్వలేదు. బతికాను. కాని ఆ బతుకు నీకు వద్దనుకునే ఆ సంబంధం గురించి రాశాను. నాకు అడ్డం లేదని రాయడానికి నాకెంత కష్టమైందో రాసి ఉండవలసింది. నువ్వు వెళ్లిపో అన్నట్టు చదువుకున్నావు. నాకు ఉత్తరం రాయడం చేతకాదు, కుట్టడమే వచ్చు.

అతనెవరు? భయపడకుండా చెప్పు.

అత్తయ్య.


సీలేరు,
1982 ఫిబ్రవరి 2.

అత్తయ్యా,

నాలుగుసార్లు మొదలుపెట్టి చింపాను. ఇది ఐదోది.

ముందు పాత అబద్ధం. 76లో సెలవు నేనే వద్దన్నాను. మీరు నక్షత్రానికి ఒక కాలు పొట్టి అయిందని రాశారు. ఆ ముక్క చదివాక ఆ గుమ్మం కింద నుంచి లోపలికి నడవడం నావల్ల కాదనిపించింది. మీరు ఇల్లంతా పండగ చేసి నా కోసం నిలబడితే, నేను వచ్చి మీ ముందు పడిపోయేదాన్ని. మిమ్మల్ని ఓదార్చవలసినదాన్ని నేను. ఆ మాట రాయడానికి సిగ్గేసింది.

ఆ సంబంధం ఉత్తరం చదివినప్పుడు హాస్టలు గుర్తొచ్చింది. వేసవి సెలవులకి ప్రతి పిల్లకీ ఎవరో ఒకరు వచ్చేవారు. నేను వరండాలో పెట్టె పక్కన కూర్చునేదాన్ని. ఏ ఏడు ఎవరింటికి పంపిస్తారో తెలిసేది కాదు. మీ ఇల్లు కూడా అలాంటిదే అనుకున్నాను. నాది తప్పు.

అతను మత్స్యరాజు. లైన్‌మన్. ఒకసారి రాశాను మీకు. భార్య పోయి ఆరేళ్లయింది. ఎక్కువ మాట్లాడడు. ఆదివారాలు హాలు ఊడ్చి చాపలు వేస్తాడు. ప్రార్థన మొదలవగానే బయటికి వెళ్లి గుమ్మం దగ్గర నిలబడతాడు. లోపలికి రమ్మంటే "నాకు రాని పాట నోట్లో ఆడించడం బాగోదు" అంటాడు. నన్ను మానమని ఏనాడూ అనలేదు. నేను మానను కూడా.

స్వెట్టరు మిమ్మల్ని అడిగి ఇవ్వవలసింది. కిందటేడు వానలో స్తంభం ఎక్కి దిగాక అతను వణికిపోతుంటే పెట్టెలోంచి తీసి ఇచ్చేశాను. మీకు తిరిగి పంపమంటే పంపుతాను.

పెళ్లి చేసుకుందామనుకుంటున్నాం. వాళ్ల అమ్మ రామాయమ్మగారు, కిరస్తానీ పిల్లని తెస్తే గుమ్మం తొక్కొద్దన్నారట. అతను ఆ మాట చెప్పి మూడు రోజులు పనికి వెళ్లలేదు. అతని వైపు నుంచి ఎవరూ రారు. నా వైపు నుంచి ఉన్నది మీరొక్కరే. మిమ్మల్ని నా పక్కన నిలబడమని అడగడం న్యాయమో కాదో నాకు తెలియదు. లోకంలో ఎవరూ అడిగి ఉండరు. అడుగుతున్నాను.

కరుణ.


నర్సీపట్నం,
1982 మార్చి 6.

కరుణా,

నెలరోజులు ఆలస్యం చేశాను. నీకు ఈ నెల ఎలా గడిచిందో ఊహించగలను.

కొత్త పాస్టరుగారి దగ్గరికి వెళ్లాను. అతను బాప్తిస్మం తీసుకుంటే చర్చిలో చేస్తాం, లేకపోతే కుదరదన్నారు. ఆయన నియమం ఆయనది. అతన్ని అడగమని నీకు రాయాలా అని వారం ఆలోచించాను. అడగను. నీ కోసం నీళ్లలో మునిగినవాడు నీకు బాకీ తీర్చినట్టవుతుంది గాని ప్రభువు దగ్గరికి వచ్చినట్టు కాదు. రావలసినవాడైతే గుమ్మం దగ్గరి నుంచి తనే వస్తాడు. అంతదాకా నిలబడనీ.

స్త్రీల సమాజంలో చెప్పాను. చెప్పకుండా చేస్తే దొంగతనంలా ఉంటుంది కదా. రత్నమణిగారు లేచి, "మీరు వెళ్లి సాక్షి సంతకం పెడితే, శుక్రవారం ప్రార్థన మీరు నడిపించడం బాగుండదు సువర్ణమ్మగారూ" అన్నారు. మిగతావాళ్లు తల దించుకున్నారు. పద్నాలుగేళ్లు నడిపించాను. పాటల పుస్తకాలు, రిజిస్టరు ఆవిడకి ఇచ్చేసి వచ్చాను. తిరిగి వెళ్లాలనిపించలేదు.

దావీదు సమాధి దగ్గర పిచ్చిమొక్కలు పీకి, కాసేపు కూర్చుని చెప్పాను. చెప్పడం నేననుకున్నంత కష్టం కాలేదు. వాడు నీ మీద ఎప్పుడైనా కోపం పెట్టుకున్నాడా?

రిజిస్ట్రారు ఆఫీసు ఇక్కడే ఉంది. నోటీసు ఇచ్చి నెల ఆగాలట. మీరిద్దరూ వచ్చి నోటీసు ఇవ్వండి. మే నెలలో స్కూలుకి సెలవులు. సాక్షులు ముగ్గురు కావాలి. నేను, దేవుళ్లు, అప్పాయమ్మ కొడుకు. అప్పాయమ్మ, "బేగి రమ్మను, మంచి పిల్ల, ఎన్నాళ్లని అలా ఉంటాది" అంది.

జాకెట్టు కొలతలు పంపు. చిక్కిపోయి ఉంటావు. పాత కొలతతో కుడితే వదులవుతుంది.

స్వెట్టరు అతనికే ఉండనీ. మోచేతుల దగ్గర పిగిలి ఉంటే తెమ్మను.

అత్తయ్య.


సీలేరు,
1982 డిసెంబరు 12.

అత్తయ్యా,

మే నెలలో మీరు సంతకం పెట్టి, రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద మా ఇద్దరికీ చెరో అరటిపండు ఇచ్చి ఇంటికి నడిచి వెళ్లిపోయారు. ఆ నడక నా కళ్లలోంచి పోవడం లేదు.

ఈ పండక్కి మీరు ఇక్కడికి రావాలి. నాకు సెలవు లేదు, ఈసారి నిజంగానే లేదు. 23న ఆయన వచ్చి మిమ్మల్ని తీసుకొస్తారు. వద్దని రాయడానికి వీల్లేకుండా ఆలస్యంగా రాస్తున్నాను.

కరుణ.


నర్సీపట్నం,
1983 జనవరి 2.

కరుణకి, మత్స్యరాజుకి,

నిన్న చీకటి పడకముందే ఇల్లు చేరాను. దేవుళ్లు బస్టాండు నుంచి నా సంచీ మోసుకొచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లాడు.

కరుణా, వెళ్లేటప్పటి ప్రయాణం నీకు చెప్పనేలేదు. నీ భర్త నాకు కిటికీ పక్క సీటు ఇచ్చి, తను డ్రైవరు వెనక నిలబడ్డాడు. చింతపల్లి దాకా ఒక్క మాట లేదు. చింతపల్లిలో టీ తెచ్చిచ్చి, "సెలి వేత్తందా అండి" అన్నాడు. లేదన్నాను. కాసేపటికి, "ఈ సొట్టరు మీ అబ్బాయిదని పెళ్లయ్యాక తెలిసినాది. తెలిసుంటే ఏసుకోకపోదును" అన్నాడు. "వేసుకో బాబూ. ఉన్ని పెట్టెలో ఉంటే పురుగు పడుతుంది" అన్నాను. ఆ తర్వాత ఘాటీ అంతా ఏ మలుపులో ఏ స్తంభం ఎప్పుడు పాతారో చెబుతూనే ఉన్నాడు. మాట్లాడని మనిషన్నావు.

పండగనాడు హాల్లో జరిగింది నువ్వు మరిచిపోయావేమో, నేను మరిచిపోలేదు. కొత్తగా వచ్చిన ఇంజనీరుగారి భార్య నిన్ను పక్కకి పిలిచి, "ఈ పెద్దావిడ మీకు ఏమవుతారు?" అని అడిగింది. నువ్వు చెప్పలేకపోయావు. నిన్ను తప్పుపట్టను. మొదటి పెళ్లి, రెండో పెళ్లి, ఎక్కడ మొదలుపెట్టి చెబుతావు? నేను అంతలో చాపకేసి చూస్తూ, పాత టీచరునని చెప్పేద్దామనుకున్నాను. అదీ నిజమే కదా. అప్పుడు గుమ్మం దగ్గర నుంచి మత్స్యరాజు, "మా అత్తగారండి" అన్నాడు. ఆవిడ, "ఓహో, మీ అమ్మగారా" అని నీకేసి నవ్వి, నాకు కుర్చీ వేయించింది. ఎవరూ ఏమీ దిద్దలేదు. ఆ కుర్చీలో కూర్చుని ప్రార్థన చేశాను. ఏం ప్రార్థించానో నాకే సరిగ్గా గుర్తులేదు.

ఇక్కడికి వచ్చాక అప్పాయమ్మ చెప్పిన సంగతి రాస్తాను. పండగ ముందు సాయంకాలం సంఘంవాళ్లు పాటలు పాడుకుంటూ మన వీధికి వచ్చారట. మన ఇంటి ముందు ఆగలేదట. నేను లేనని ఆగలేదో, ఉన్నా ఆగేవారు కాదో నాకు తెలియదు. "నాకు ఒల్లు మండిపోనాది. నానే పిలిసాను. టీచరమ్మ లేకపోతే మా వాకిట్లో పాడండి, ఆయమ్మ పేరు సెప్పి పాడండి అన్నాను. పాడినారు. బెల్లం ముక్కలెట్టి పంపినాను" అంది. రత్నమణిగారు కూడా ఆ గుంపులో ఉన్నారట. బెల్లం తీసుకున్నారట.

ఇల్లు పది రోజులు మూసి ఉండటంతో లోపల తేమ వాసన కొడుతోంది. తలుపులన్నీ తీసి కూర్చున్నాను. మీ ఇంట్లో ముగ్గురి మాటలకి అలవాటుపడిన చెవులకి ఇక్కడ గడియారం చప్పుడు పెద్దగా వినిపిస్తోంది. అలవాటు తప్పింది, మళ్లీ అవుతుంది. మీ దగ్గరే ఉండిపొమ్మన్నారు. ఉండను. నా పిల్లలు నలభై మంది రేపు కుట్టు క్లాసుకి వస్తారు. వేసవికి మీరు రండి.

వచ్చే ఆదివారం చర్చికి వెళ్తాను. కిందటి మే నుంచి వెళ్లడం తగ్గించాను, నీకు చెప్పలేదు. ముందు వరసలో ఇదివరకు నేను కూర్చున్న చోట ఇప్పుడు రత్నమణిగారు కూర్చుంటున్నారు. నేను వెనక బల్ల మీద కూర్చుంటాను. పాట అక్కడికీ వినిపిస్తుంది.

అత్తయ్య.